పాలు వద్దన్న హోటలు

నక్కలగుట్టల మా మెట్ల కింద
మొన్నటిదాక జిరాక్స్ సెంటరున్న మడిగెకు
పచ్చబోర్డు వెలిసింది:
‘వంద శాతం వీగన్’.

పొద్దున ఆరున్నరకు
ధర్మసాగర్ నుంచొచ్చే ఓదెలు
బండి స్టాండేసి, క్యాను మీద చెయ్యివెట్టి
అక్షరాలు కూడబలుక్కున్నడు.
“వీగన్... అంటే వీగిపోయిండ్రా?
తెరువకముందుకేనా?”

కొత్త హోటలంటే కొత్త వాడిక.
షట్టరు సగం లేవంగనే వంగి అడిగిండు:
“ఎన్ని లీటర్లు పొయ్యాలె?”
లోపట ఊడుస్తున్న పిల్ల, సుచరితట, ఓనరే,
చీపురు పక్కకు వెట్టి చెప్పింది.
“పాలు వద్దన్నా. పెరుగు వద్దు. నెయ్యి గూడ.”
“మరి చాయ్‌కి?”
“ఓట్స్ పాలున్నయి.”
ఓదెలు నా దిక్కు చూసిండు.
“ఓట్లకు మందు వోసుడు ఎరికే గని
పాలు వోసుడు ఇదే సూసుడు.”

ఇరువై రెండేండ్ల సంది
హన్మకొండల ఒక్క తలుపు గూడ
ఆయనకు వద్దు అనలే.
నీళ్లు కలిపినవన్నరు, ఆలస్యమన్నరు,
మూడు నెలలు ఎగవెట్టి ఇల్లు ఖాళీ చేసిండ్రు.
వద్దు మాత్రం అనలే.
ఆ మాట రుచి ఎట్లుంటదో చూద్దామనేమో
ఐతారం పగటీలి నన్ను దోల్కొని వచ్చి కూసున్నడు,
ఇస్త్రీ అంగి, జేబుల పాల లెక్కల బుక్కు.

మెనూ నేనే చదివిన.
పనసకాయ బిర్యానీ రెండువందల అరువై.
జొన్నరొట్టె, పచ్చిపులుసు నూటయాభై.
“ఆగాగు. పచ్చిపులుసా?
గట్లయితే కైకిలి దొరకని ఎండకాలమంత
మా ఇల్లు వీగనే.
బోర్డు వెట్టుకోక నష్టపోయినం.”
పక్క టేబుల్ పోరగాళ్లు నవ్విండ్రు.
సుచరిత గూడ.

పనసముక్క కొరికి ఒప్పుకున్నడు.
“బాగనే ఉన్నది.
కొట్లాట లేని పెండ్లి లెక్క.”

అటెన్క చిన్న గిన్నెల పెరుగొచ్చింది.
పల్లీలదట.
ఓదెలు తినలే.
గిన్నె వంచి నీరు తేరిందా అని చూసిండు,
వాసన చూసిండు,
చూపుడువేలి కొసకు అంటించుకొని నాకిండు.
చానసేపటికి,
“తోడుకున్నది” అన్నడు,
తనను అడుగకుంట తెచ్చిన అల్లున్ని మెచ్చుకున్నట్టు.

ఎందుకు వద్దో అడిగిండు చివరికి.
సుచరిత నిలవడే చెప్పింది, దూడల ముచ్చట,
పాలాయనకు చెప్తున్ననని తెలిసినంత మెల్లగ.
నేను కొట్లాటకు తయారైన.
ఓదెలు గిలాస దిక్కు చూస్కుంట అన్నడు:

“పోయిన కార్తీకంల మా బర్రెకు దూడ సచ్చిపోయింది బిడ్డా.
మూడొద్దులు చేపలే.
సూది గుచ్చ మనసు రాలే.
దూడతోలు ఒలిపించి, లోపట వరిగడ్డి కుక్కి,
కాళ్లకు నాలుగు పుల్లలు కట్టి ముందట నిలవెట్టిన.
నాకింది.
దానికి కండ్లు లేవు. అయినా నాకింది.
కుండెడు పాలిచ్చింది.
ఆ పాలే ఈ సార్ ఇంట్ల పోసిన.”

సార్ అంటే నేను.
ఆ చలికాలమంత తాగిన చాయ్
గొంతుల అడ్డం దిరిగింది, గడ్డిపోచ లెక్క.
సుచరిత ఏదో అనబోయి
గిన్నెలు తీస్కపోయింది.

బిల్లు ఐదువందల ఎనభై.
నన్ను ఇయ్యనియ్యలే.
బుక్కు తీసి, పాల బాకీల కిందనే
పెన్నుతోని రాసుకున్నడు:
వీగన్, 580.

చెయ్యి కడుగ పోయినోడు ఎంతకూ రాడు.
నిమ్మవాసన సబ్బు, మోచేతుల దాక నురుగు.
కడుగుతడు. వాసన చూస్తడు. మల్ల కడుగుతడు.
“పాలవాసన వోయింది సార్.
పెండ్లినాడు గూడ పోలే.”

బండెక్కి, కిక్కు కొట్టకుంట,
రెండరచేతులు ముక్కుకాడ వెట్టుకున్నడు.
“అది కండ్లతోని గుర్తువట్టదు.
పొద్దుమూకి పిండపోతే
నన్ను ఎరుకవడ్తదంటవా?”