గాలి మారిందట

గాలి మారిందట.
టీవీల కోటు తొడిగినాయన చెప్తుండు.
ముసఫ్ఫా క్యాంపుల, పదహారో నంబర్ రూంల
ఏసీ గాలికే దిక్కు లేదు.

సభల నాలుగు సీట్లు తక్కువైనయట.
ఎందుకో అంతు చిక్కుతలేదట.

మా లెక్క ఖాళీ సిమెంటు బస్తా మీద
బొగ్గుతోని రాసి ఉంది:
నర్సాగౌడ్, శవపెట్టె,
ముప్పై ఆరు దినాలు ఇక్కడ్నే.
మంత్రికి దస్కతు పెట్ట తీరలె,
పెండ్లిళ్లు తిరగ తీరింది.

మాకు ఓటు లేదు.
ఫోన్లున్నయ్.
శుక్రవారం శుక్రవారం
పైసలెన్ని పంపినమో చెప్పి,
పిల్లల బడి ముచ్చటడిగి,
ఆఖర్ల, పెట్టేసే ముంగట,
"నర్సన్న యాదికున్నడా?" అనేటోళ్లం.
గంతే.

రాజలింగు టీవీ బందు చేసిండు.
కొత్తోళ్ల ప్రమాణం రేపట.
బస్తా మీద
ఇంకో పేరుకు జాగ ఉంది.