తోలు ముడి

మోకాలి లోపల టప్పుమన్న చప్పుడు
చుల్తెమ్‌కి ఒక్కడికే వినిపించింది.
గెలిచినవాడు అప్పటికే గద్దలా చేతులు చాచి
మైదానం చుట్టూ తిరుగుతున్నాడు.

ఉలాన్‌బాతర్‌లో డాక్టరమ్మ
ఫిల్ము వెలుతురుకెత్తి చూసింది.
"ఎముకలు బాగున్నాయి. తెగింది లిగమెంటు."
ఎముకకీ ఎముకకీ మధ్య సంధి పత్రమట అది.
కండలా బలం చూపించుకోదు.
వంగనిస్తుంది,
పక్కకి మెలిక పడనివ్వదు.
నెత్తురు అటువైపు పొదుపుగా పారుతుంది,
అందుకే మానడం తాపీగా.

ఇంటికొచ్చేసరికి
వలసకి ముందు గుడారం గోడ విప్పి
గడ్డి మీద పరిచింది ఖొర్లో.
కర్ర కర్రని దాటే ప్రతిచోటా ఒంటెతోలు ముడి.
ముప్పై రెండు తెగిపోయాయి.
"కూర్చుని చేసే పనేగా" అంది,
నానబెట్టిన తోలుపేలికలు
కొడుకు ఒళ్లో పడేసి.

పచ్చిగా ఉండగానే గుచ్చాలి, ఆరేకొద్దీ అదే బిగుస్తుంది.
మరీ లాగితే గోడ మడవదు.
వదిలేస్తే మొదటి గాలికే ఒరుగుతుంది.
తొమ్మిదో ముడి దగ్గర వేలు కోసుకున్నాడు.
తిట్టాడు, ఎవర్నని కాదు.

మూడోనాటి రాత్రి
కుంటుకుంటూ వెళ్లి గోడ అంచు పట్టి లాగాడు.
కీచుమంటూ తెరుచుకుంది,
మళ్లీ ముడుచుకుంది.
అప్పుడు గాని
మోకాలి కట్టు మీద
చెయ్యి వేసుకోలేదు.