ఎవరి పేరున కేక

మా పేటలో కేక వేసేది నేనే.
డప్పు నాది కాదు, పేటది.
గొంతు నాదే గానీ
అదీ పేటదేరా అనేవాడు మా అయ్య.

"పెద్ద సెప్పాడహో..." అని ఎత్తుకోవాలి.
ఆ రెండు మాటలూ ముందు పడితేనే
వెనకొచ్చే మాటకి బరువు.
రేపు పోలమ్మ తల్లికి మొక్కులనీ
కుళాయి కాడ కొట్టుకున్నోళ్ళకి తప్పు ఇంతనీ
ఏదైనా సరే.

సూరాడ పరదేశి పెద్ద పోయి పది నెలలు.
ఆయన వెండిపొన్ను కర్ర దూలానికి అడ్డంగా వేలాడుతోంది.
దాని మీద కాశమ్మ తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది.
ఇదేం పనమ్మా అంటే,
"ఒట్టుకెళ్ళే మొగోడొస్తే తీసెస్తాను" అంటుంది.

మొగోళ్ళు ఇద్దరున్నారు. అదే చిక్కు.
రింగు వలలోళ్ళకి ఒలిశెట్టి మసేను,
చిన్న వలలోళ్ళకి గరికిన ఎల్లాజీ.
ఒకడికి మూడు మరబోట్లు, హార్బర్లో మాట.
ఒకడికి తాత పేరు,
ఆ తాత ఈ కర్ర పట్టాడన్న కథ.

పోలమ్మ తల్లికి రెండు పండగలు చేశాం ఈ ఏడు.
రెండోసారి మేకపోతు తల ఊపలేదు,
ఎన్ని నీళ్ళు చల్లినా.
ఐసు లారీలు రెండు.
నా పెళ్ళాం అటు వీధి పిల్ల.
వాళ్ళమ్మ పంపిన నెత్తళ్ళ పులుసు
చీకటి పడ్డాక గోడ మీంచి వస్తుంది,
గిన్నె మాత్రం తెల్లారకుండా వెనక్కెళ్ళాలి.

నేను డప్పు తియ్యడం మానేశాను.
ఎవరి పేరున తియ్యను?
తోలు మీద బూజు పట్టింది.

అప్పుడు తెడ్డు దానయ్య కొడుకు పోయాడు.
పందొమ్మిదేళ్ళు. మసేను బోటు మీంచి.
రెండు రోజులు యారాడ కొండ దీపం కింద వెతికారు.
మూడో రాత్రి ఒంటిగంటకి
బీచిరోడ్డులో, పగలు మొక్కజొన్న పొత్తులు కాల్చే చోట
అల వాణ్ణి రాళ్ళ మీద పెట్టి వెళ్ళింది.

శవం లేవకుండా మా పేట వేటకి వెళ్ళదు.
అది పెద్ద చెప్పాలి.
తెల్లారగట్ల మూడింటికి ఎల్లాజీ మనుషులు
ఇసకలో బోట్లు తోస్తున్నారు.
కవలలు ఒడ్డుకొచ్చే రోజులు, అప్పులోళ్ళు,
ఆళ్ళ గుంటడికి మనమేటి అన్న మాట ఒకటి.
దాన్ని అన్నవాడు కూడా
తల దించుకునే తోస్తున్నాడు.

నాకేమైందో నాకు తెలీదు.
డప్పు తీశాను. కాచడానికి మంట కూడా లేదు.
మెత్తబడ్డ తోలు మీద తడి చెక్క దెబ్బ.
"పెద్ద సెప్పాడహో...
ఈ పొద్దు ఏట లేదహో..."

అబద్ధం.
ఏ పెద్ద అని ఎవడూ అడగలేదు.
సగం నీళ్ళలోకి దిగిన బోటు
మెల్లగా వెనక్కొచ్చింది.
ఎవరో ఇంజను ఆపారు.
ఆ తర్వాత సముద్రం ఎంత చప్పుడు చేస్తుందో
పది నెలలకి విన్నాం.

దినం కాకుండానే మొదలైంది.
ఆ మాట మసేను చెప్పాడని ఇటు,
కాదు, బోట్లు ఆపింది ఎల్లాజీ అని అటు.
నన్ను మధ్యన నిలబెట్టారు రామకోవెల అరుగు మీద.
ఎవడు సెప్పాడ్రా?
నేను కాశమ్మ వైపు చూశాను.
ఆవిడ చేపల గంప బోర్లించి దాని మీద కూచుంది.
"సచ్చినోడు సెప్పాడు," అంది.
"మా ఆయనో, ఆ గుంటడో.
ఏటి, బతికున్నోళ్ళకి నోరుందా?"

ఆదివారం కర్ర ఎల్లాజీకి ఇచ్చారు.
తువ్వాలు తియ్యకుండానే ఇచ్చింది కాశమ్మ.
మసేను వాళ్ళు లేచిపోలేదు,
అలాగని ఇటూ తిరగలేదు.
సముద్రం వైపు ముఖం పెట్టి కూచున్నారు,
అంతే ఒప్పందం.

మర్నాడు కేక వేశాను, పేరుతో సహా.
ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో
నాకు చప్పుడుతో తెలుస్తుంది.
దక్షిణం వీధి తలుపులు బార్లా.
ఉత్తరం వీధిలో చాలావరకు గొళ్ళెం మీదే ఉన్నాయి.
దానయ్య ఇంటిది మాత్రం
మనిషి దూరేంత కాదు,
మాట దూరేంత తీశారు.