రెండు ఆర్‌లు

నెవార్క్, పందొమ్మిది వందల యాభై రెండు.
బాక్సింగ్ కమిషన్ ఆఫీసు, నాలుగో అంతస్తు.
కిటికీ తెరిస్తే తోళ్ళ కార్ఖానా వాసన,
మూస్తే జడ్జి క్విలన్ గారి చుట్ట వాసన.
నా పేరు డొరోటా. పని, టైపు కొట్టడం.

నా మిషన్‌లో ‘ఆర్’ అక్షరానికి ఒక జబ్బు.
గీత మీద కూర్చోదు,
వెంట్రుకవాసి పైకెగిరి పడుతుంది.
బాగు చేయించమని రెండుసార్లు అర్జీ పెట్టాను.
ఆ అర్జీలో కూడా ఎగిరింది.

నెలకోసారి మిడిల్ వెయిట్ జాబితా.
పైన ఛాంపియన్, నాట్ హాలిస్.
కింద ఒకటో అంకె పక్కన క్లియోఫస్ టార్వర్.
ఇంటిపేరులో రెండు ఆర్‌లు,
కొట్టినప్పుడల్లా భుజాలెగరేసినట్టుండేది.
ముప్పై ఒక్క నెలలు అదే చోట అతన్ని కొట్టాను.
కొట్టడమంటే, టైపు.
రింగులో అతన్ని కొట్టినవాడు లేడు.

మొదటి మెట్టు మీద అన్నాళ్ళు నిలబెడితే
అది మెట్టు కాదు, గడప.
రమ్మనరు, పొమ్మనరు.

డిపాజిట్టుకని వెయ్యి డాలర్ల చెక్కు పంపాడు,
చర్చిలో చందాలు పోగేసిన డబ్బట.
“పరిశీలనలో ఉంది” అని నేనే కొట్టాను.
“గడువు దాటింది” అని నేనే కొట్టాను.
చెక్కు నలగకుండా తిరుగు కవర్లో పెట్టిందీ నేనే.

ఆగస్టులో వాన్స్ ప్రూయిట్ వచ్చాడు,
జోడీలు కుదిర్చేవాడు, మా పెళ్ళిళ్ళ పేరయ్య.
లోపలికొస్తే టోపీ తీసేవాడు, నవ్వు తీసేవాడు కాదు.
తలుపు సందులోంచి వినబడింది:
“హాలిస్‌కి ఒక మెత్తటి సంబంధం కావాలి జడ్జిగారూ.
ఇపొలీటో కుర్రాడున్నాడు,
మొదటి వార్డు సగం వాడి చుట్టాలే.
నవంబరులో మనవాడికి ఓట్లు కావాలి కదా.”
“మరి టార్వర్?” అన్నాడు జడ్జి,
అడగాలి కాబట్టి.
జవాబు వినబడలేదు.
పొగ మాత్రం తలుపు కిందనుంచి వచ్చింది.

సాయంత్రం నా బల్ల మీద పెన్సిల్ చీటీ:
ఇపొలీటో, తొమ్మిది కాదు రెండు.
టార్వర్ పక్కన ఒక చుక్క.
చుక్కకి అర్థం పేజీ అడుగున: అందుబాటులో లేడు.

అందుబాటులో లేడు!
మూడు వీధుల అవతల, హాలిస్ జిమ్‌లోనే ఉన్నాడు,
రౌండుకి ఎనిమిది డాలర్ల కూలికి
ఛాంపియన్‌కి ప్రాక్టీసు ఇస్తూ.
ఇపొలీటోలా వంగమంటే వంగుతూ,
వాడిలా ఎడమ చెయ్యి జార్చమంటే జారుస్తూ.

చుక్క పెట్టాను.
అద్దె బాకీ, అమ్మ ఉబ్బసం,
ఇవి సాకులని నాకూ తెలుసు.
చుక్క మీటకి బలమక్కర్లేదు.

పోటీ రాత్రి నాకో ఉచిత టికెట్టు, మూడో వరుస.
షెరీఫ్ పదవికి నిలబడ్డవాడు రింగెక్కి చేతులూపాడు.
రెండో రౌండులో ఇపొలీటో పడ్డాడు.
ఇరవై ఒక్కేళ్ళ ముఖంలో
నొప్పికంటే ఆశ్చర్యమే ఎక్కువ.
వాడికీ ఎవరూ ఏమీ చెప్పలేదు కాబోలు.
వాళ్ళ నాన్న, చేపల మార్కెట్టు ఏప్రానుతోనే వచ్చినవాడు,
తాళ్ళ కిందనుంచి చెయ్యి చాచి
కొడుకు బూటు పట్టుకుని కూర్చున్నాడు.

జనవరిలో టార్వర్ లైసెన్సు రెన్యూవల్‌కి వచ్చాడు.
ముప్పై నాలుగేళ్ళు. కనుబొమ మీద పాత కుట్లు.
రసీదు కొట్టిచ్చాను.
కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.
“అయితే ఆ ఉత్తరాలన్నీ మీవేనన్నమాట.
ఈ ఆర్‌ని ఎక్కడున్నా గుర్తుపడతాను.”
గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“రిపేరు చేయించమని అడిగాను,” అన్నాను,
ఏ సంగతి దాటేస్తున్నానో తెలిసే.

రసీదు నాలుగు మడతలు పెట్టి
తలుపు దాకా వెళ్ళి ఆగాడు.
“వద్దులెండి, అలాగే ఉండనివ్వండి.
నాలో పైకి వెళ్ళినవి అవి రెండే.”

ఫిబ్రవరిలో కొత్త మిషన్ వచ్చింది.
అక్షరాలన్నీ బుద్ధిగా గీత మీద కూర్చుంటాయి.
దాని మీద కొట్టిన మొదటి జాబితా నకలు
ఇప్పటికీ నా దగ్గరుంది.
టార్వర్, ఏడు.