నలభయ్యొకటో వరస

గుంటూరు మిర్చి యార్డు, మూడో గేటు పక్క గది.
ఫ్యాను వేస్తే ఘాటు, ఆపితే ఉక్క.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య పర్ల్ రాస్తుంటాను,
ఇప్పుడెవరూ నేర్చుకోని పాత భాష.
మా ధరల చీటీ మాత్రం దాంతోనే అచ్చవుతుంది.

తేజా రకం పక్కన చిన్న గీత కావాలన్నారు సెక్రటరీ గారు.
పెద్ద బొమ్మ వద్దు, అక్షరమెత్తు చాలు,
మాటకీ మాటకీ మధ్య ఇమిడిపోవాలి.
వంద చుక్కల వెడల్పు, ఇరవై చుక్కల ఎత్తు.
అందులో నలభై రోజుల బజారు.

మొదటి చీటీ తలకిందులైంది.
బొమ్మలు గీసే ఆ మాడ్యూలుకి సున్నా నెత్తిమీద ఉంటుంది,
అంకె పెరిగేకొద్దీ నూతిలోకి చేద దిగినట్టు
కిందికి పోతుంది.
పడిపోతున్న ధర కొండెక్కి కూచుంది.

ఫిరంగిపురం యలమంద అది చూశాడు.
"ఇంకా ఎక్కుద్దిలే" అనుకుని
కోల్డ్ స్టోరేజీలో అరవై టిక్కీలు కదపలేదు.
పది రోజులకి వచ్చి నన్నేమీ అనలేదు.
చీటీ తిరగేసి పట్టుకుని చూశాడు.
అలా చూసినా గీత ఎక్కుతూనే ఉంది.

ఎత్తులోంచి ధరని తీసేస్తే సరిపోయింది.
ఒక్క తీసివేత.
అతని అరవై టిక్కీలకి అలాంటి వరసేదీ నాకు దొరకలేదు.

తర్వాత ఆదివారాలు. యార్డు సెలవు,
గీత దబ్బున సున్నాలో పడేది.
లేకపోవడం వేరు, సున్నా వేరు అని యంత్రానికి చెప్పుకొచ్చాను:
అమ్మని రోజున ధర ఉండదు,
ఊరికే ఇచ్చేశాడని కాదు.

తాలుకాయలు ఏరే దీవెనమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని అడిగింది:
"కాయలకి గీస్తన్నావుగా, నా కూలికి గీయవా?"
నోటుబుక్కు లోపలికి తోసింది. మనవరాలి చేతిరాత.
మూడొందల యాభై. మూడొందల యాభై.
జ్వరమొచ్చిన నాలుగు రోజులూ ఖాళీ గళ్ళు.
మళ్ళీ మూడొందల యాభై,
డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా.

నడిపాను. ఆగిపోయింది.
నలభయ్యొకటో వరసలో సున్నాతో భాగించలేనంది.
అన్నిటికన్నా ఎక్కువలోంచి అన్నిటికన్నా తక్కువ తీసేస్తే
ఆమెకి మిగిలిందేమీ లేదు మరి,
దేంతో భాగిస్తుంది?

తేడా లేకుంటే నడిమధ్యన గీయమని రాశాను.
వచ్చింది. దీవెనమ్మ అన్న పేరుని ఆనుకుని
అడ్డంగా, తొణక్కుండా,
నాలుగు చోట్ల తెగి.
చేతులకంటిన కారం తగలకుండా
మోచేత్తో కళ్ళు తుడుచుకుని చూసింది.
"ఇదేందయ్యా, నన్ను కొట్టేశావు?"

పైకి జరిపితే అబద్ధం.
కిందికి జరిపితే ఏం తక్కువ చేసిందని?
ఉన్నచోటే ఉంచి, ఆ వరస చివర
హ్యాష్ గుర్తు పెట్టి రాసుకున్నాను:
దీవెనమ్మ కూలి పెరిగిన రోజున ఇది తీసెయ్యాలి.

ఆ గుర్తు దాటాక ఏముందో యంత్రం చదవదు.
సెక్రటరీ గారూ చదవరు.