దీని విత్తనం దీని మాట వినదు

గింజలు లెక్కబెట్టి ఇస్తాడు బసవరాజన్న,
పాకెట్టుకు ఐదొందలు, ఒక్కటి ఎక్కువుండదు.
మా ఇంట్లో గింజలంటే
గుప్పిట్లో పోసుకుని గుడ్డలో మూటగట్టేవి.
ఈడ మాత్రం పట్టకారుతో, ఊపిరి బిగబట్టి,
గుంటకొకటి.
మొన్న కిందపడినదాన్ని వెతుక్కుంటా నేనూ రుక్సానా
మోకాళ్ళ మీద అరగంట పాకినాము.
దొరికింది, ఆమె గాజుకే అతుక్కుని.
అంత పిసరుకీ ఒంటినిండా నూగు.

కొబ్బరిపీచు పొడి నానబెట్టి ట్రేల్లో నింపుతాము.
ఒకదాని మీద ఒకటి పేర్చి, నల్లపట్ట కప్పి
మూడు రోజులు ఆ పక్కకు పోకూడదు.
నాలుగో రోజు పొద్దున పట్ట తీస్తే
బడికి ఆలస్యమైన పిల్లల్లా
తలలు వంచుకుని తెల్లటి మెడలు.
కొన్ని ఇంకా తొక్కును టోపీలా పెట్టుకునే ఉంటాయి.
ముట్టుకోవద్దంటాడు బసవరాజన్న.
ఆయన టీకి పోయినప్పుడు
తడిగుడ్డతో నేనే తీస్తాను.

నందగుడి దాటినాక, తార్రోడ్డుకు లోపల,
పాలరంగు కవరు కప్పిన ఎకరం ఇల్లు.
రెండు తలుపులు. ఒకటి మూస్తే గానీ ఇంకోటి తీయకూడదు.
గాలికి కూడా వల కట్టినారు.
వాన పడితే చప్పుడు మాకు, తడి కాలవకు.
తుమ్మెద రాదు. రానీయరు.

అందుకే పదిగంటల ఎండలో
పళ్ళు తోముకునే బ్యాటరీ బ్రష్షు పట్టుకుని
గుత్తి గుత్తికీ కాడ కింద ఆనిస్తాను.
జుయ్యిమంటుంది.
కనబడీ కనబడక పసుపు పొడి రాలుతుంది.
రోజుకు రెండు వేల పూలు.
సాయంత్రం బస్సులో కూడా చెయ్యి జుమ్ముమంటానే ఉంటుంది.
ఏం పని అక్కా నీది, అని కండక్టరు అడిగితే
తుమ్మెద పని అన్నాను.
నవ్వలేదు. చిల్లరిచ్చినాడు.

పక్కకొమ్మలు గిల్లే రోజు వేళ్ళు నల్లబడతాయి,
సబ్బు పెడితే పచ్చనీళ్ళు.
అన్నం ముద్దలోనూ అదే వాసన.
ఆ వాసనకే గుర్తొస్తుంది,
అంగళ్ళు మార్కెట్టు దారిలో మా నాయన
ట్రాక్టరు వెనక తలుపు దించి
కాలితో తోసిన పొద్దు.
బాక్సు ధర డీజిలుకు కూడా రాలేదారోజు.
ఎర్రగా దొర్లిపోతుంటే ఆవులు సైతం
రెండు తిని అటు తిరిగినాయి.
ఇంతకన్నా చెప్పను.

ఇక్కడి కాయలు గోలీలంత.
పండినాక ఒకటి నలిపి, గాజు మీద చుక్క వేసి
చిన్న గొట్టంలోంచి వెలుగుకేసి చూస్తాడు బసవరాజన్న.
ఎనిమిదిన్నర, అంటాడు.
తీపికి అంకె ఉంటుందని అప్పటిదాకా తెలియదు నాకు.
ఏడు దాటకపోతే బెంగళూరు హోటళ్ళు వెనక్కి పంపుతాయంట.
వండరంట వాటిని.
పచ్చి ఆకుల మీద పెట్టి ఫోర్కుతో గుచ్చబోతే
పళ్ళెమంతా పరిగెత్తిస్తాయంట.
ఆ మాటకు రుక్సానా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆషాఢంలో, పగిలిన కాయొకటి
నోట్లో వేసుకోకుండా కొంగున కట్టుకొచ్చినాను.
కరెంటు బిల్లు కాగితం మీద గింజలు ఆరబెట్టినాను.
ఆయనకెట్ల తెలిసిందో,
"హైబ్రిడ్ అమ్మా అది. దీని విత్తనం దీని మాట వినదు"
అన్నాడు. తిట్టలేదు.

హొసకోటెలో మా గది పైన, నీళ్ళట్యాంకు పక్కన,
పెయింటు బకెట్లలో మూడు మొక్కలు.
ఒకటి మనిషెత్తు పెరిగి పూయనే లేదు.
ఒకటి పసుపు కాయలు కాసింది, చప్పగా, ఎవరి పోలికో.
మూడోదానికి వంకర కాయలు, గాడులు పడినవి.
కొరికితే దవడ జివ్వుమనింది.
ఈ పులుపుకు ఏ గొట్టంలో చూస్తారు అంకె?

నిన్న ఆదివారం. అలవాటుగా
బ్రష్షు పట్టుకుని పైకెక్కినాను.
పువ్వు దగ్గరికి పోయేలోపు
ఎవరో నల్లటామె ముందే వచ్చి
తలకిందులుగా వేలాడుతూ జుయ్యిమంటోంది.
నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.
ఉప్పు తెమ్మని రుక్సానాను కిందికి పంపినాను.