మిరుగు లెక్క

రోళ్లు పగిలే రోహిణి ఎండ.
ములుగు రోడ్డు షోరూంల
ట్రాలీ కిందికి దూరి, మట్టి తుడిచి
చాసిస్ నంబరు చదివిన.
సర్వర్ డౌన్, పుస్తకం చూపమన్నడు.

నేను కొన్న తారీఖు లెక్కకు రాదట.
బండి తయారైంది మాఘంల, అదీ రాదట.
మొదటి తాళంచెవి ఎవలి చేతుల పడ్డదో
ఆనాటి నుంచే మూడేండ్లు.

పుస్తకంల ఆ కాయితమే లేదు.
పరకాల ఓదెలుకు ఫోన్ కొట్టిన.

"తారీఖు యాదికి లేదు తమ్మీ.
ఇంట్ల కొర్రమట్టల కూర ఉడుకుతుంటె
ఇడిసిపెట్టి పోయి బండి తెచ్చుకున్న.
మా ఆమె ఇంకా తిడ్తది."

కొర్రమట్టలంటె మిరుగు.
మిరుగంటె జూన్ ఎనిమిది.
షోరూం పిలగాడు నవ్విండు గని, రాసుకున్నడు.
ఇంక పదకొండు రోజులు.

గేరుబాక్సు మీద చెయ్యేసి
మెల్లగ చెప్పిన:
మూల్గింది చాలు,
పోయేదుంటె ఇప్పుడే పో.